90 రోజులు పెట్టినా ప్రొమీథియస్‌లో 20 రోజులే కనబడుతుంటే

ప్రొమీథియస్‌లో (సర్వర్ల కొలతలు పోగుచేసే మానిటరింగ్ టూల్) డేటాను 90 రోజులు ఉంచమని పెట్టినా 20 రోజులదే కనబడుతోందంటే, మీ సర్వర్‌లో రిటెన్షన్ సైజు (డేటా డిస్కులో ఎంత చోటు దాకా ఉండొచ్చన్న హద్దు) కూడా పెట్టి ఉంటారు. టైము, సైజు రెండూ ఉంటే ఏ హద్దు ముందు దాటితే దాని ప్రకారమే పాత బ్లాకులు (డేటా ముక్కలు) పోతాయి. గ్రాఫులు చూపించే గ్రఫానాను అనుమానించక్కర్లేదు.

1. ప్రొమీథియస్ స్టేటస్ మెనూలో కమాండ్ లైన్ ఫ్లాగ్స్ (ప్రొమీథియస్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగులు) పేజీ తెరవండి. అందరూ వదిలేసేది ఇదే. సర్వీస్ ఫైల్లో మీరేం రాశారన్నది కాదు, నడుస్తున్న ప్రాసెస్ ఏం తీసుకుందో చూడాలి. అక్కడ 90 రోజులు లేకపోతే రీస్టార్ట్ అవలేదన్నమాట. ఫ్లాగులు ప్రొమీథియస్ కాన్ఫిగ్ రీలోడ్‌తో మారవు.

2. సైజు హద్దు ఉంటే సర్వీస్ ఫైల్లోంచి తీసేయండి, లేదా డిస్కులో 80-85 శాతం దాకా పెంచండి. (నేనైతే పెంచుతాను. తీసేస్తే డిస్కు నిండే రోజు ఆదివారమే వస్తుంది.)

3. మార్చిన సర్వీస్ ఫైల్‌ను చదవడానికి సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) డెమన్ రీలోడ్, తర్వాత ప్రొమీథియస్ రీస్టార్ట్.

పోయిన డేటా తిరిగి రాదు, ఇకనుంచి పోగవుతుంది.