బీటాలో ఆడిన తొలి మ్యాచ్‌లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: త్వరలో విడుదల కానున్న ఒక షూటింగ్ గేమ్ మల్టీప్లేయర్ బీటాను (విడుదలకు ముందు ఆటగాళ్లకు ఇచ్చే పరీక్ష కూర్పును) ఈ వారాంతంలో ఆడాను. మొదటి సాయంత్రం గంటన్నర సేపు సర్వర్‌లోకే వెళ్లలేకపోయాను. మర్నాడు ఆడిన ఏడెనిమిది మ్యాచ్‌లలో గోడ చాటుకు చేరిన తరువాత కూడా తూటా తగిలి చాలాసార్లు చనిపోయాను. నచ్చలేదంటే, "బీటాయే కదా, విడుదలలోపు అన్నీ సరిచేస్తారు" అని స్నేహితులు కొట్టిపారేస్తున్నారు. విడుదలకు నెల రోజులే ఉంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా?

జవాబు: మీ ఫిర్యాదులు రెండూ ఒకే జాతివి కావు కనుక ముందు వాటిని విడదీద్దాం. సర్వర్‌లోకి వెళ్లలేకపోవడాన్ని నేనైతే గేమ్ తప్పుల లెక్కలో వేయను. ఎవరైనా చేరగల ఓపెన్ బీటా పెట్టేదే ఆ రద్దీ కోసం. సంస్థ లోపల కొన్ని వందలమంది పరీక్షకులు ఎన్నాళ్లు ఆడినా, లక్షలమంది ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు లాగిన్ వ్యవస్థ ఎక్కడ తెగుతుందో బయటపడదు. 2016 మే నెలలో జరిగిన ఓవర్‌వాచ్ ఓపెన్ బీటాను సుమారు 97 లక్షలమంది ఆడారంటే ఆ రద్దీ ఏపాటిదో ఊహించవచ్చు. మూడవ రోజుకు కూడా తలుపు తెరుచుకోకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

గోడ చాటు మరణం సంగతిని కాస్త ఓపికగా చూడాలి. మీ తెర మీద కనిపించేదీ, ఎదుటివాడి తెర మీద కనిపించేదీ, సర్వర్ లెక్కలో ఉన్నదీ ఏ క్షణంలోనూ పూర్తిగా ఒకటి కావు. మీరు పరుగెత్తిన సమాచారం సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి అతని తెరకు చేరేసరికి సెకనులో ఆరో వంతో ఏడో వంతో గడిచిపోవచ్చు. ఆలోగా అతని తెర మీద మీరింకా గోడ బయటే ఉంటారు. అతడు సరిగానే గురిపెట్టి కాలుస్తాడు, సర్వర్ కూడా కాలాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి, అతడు చూసిన దృశ్యాన్నే ప్రమాణంగా తీసుకుని తూటా తగిలిందని తీర్పు చెబుతుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెత్తే పాత్ర 150 మిల్లీసెకన్లలో 90 సెంటీమీటర్లు కదులుతుంది; గోడ మూల దాటడానికి ఆ దూరం చాలు. మళ్లీ ఆడేటప్పుడు స్కోరు పట్టికలో మీ పింగ్, అంటే మీ సమాచారం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, ఎంతో చూడండి. అది 100 దాటి ఉంటే బహుశా మీరు దూరపు సర్వర్‌లో ఆడుతున్నారు. విడుదల నాటికి దగ్గరలో సర్వర్లు పెడితే ఈ బాధ తగ్గుతుంది. మీదీ, మిగతావారిదీ 30 లోపే ఉండి కూడా ఇలాగే జరుగుతుంటే మాత్రం సర్వర్ టిక్ రేట్‌ను, అంటే అది సెకనుకు ఎన్నిసార్లు లెక్క చూసుకుంటుందో ఆ సంఖ్యను, అనుమానించాలి. సెకనుకు 30 సార్లు లెక్క చూసుకునే సర్వర్‌లో రెండు లెక్కల మధ్య 33 మిల్లీసెకన్లు గడుస్తాయి, 60 సార్లయితే సుమారు 17. దానిని పెంచడం అసాధ్యమేమీ కాదు గానీ, సర్వర్ల ఖర్చు పెరుగుతుంది కనుక నిర్మాతలు అంత సులువుగా చేయి వేయరు.

ఇక మీ స్నేహితుల మాటలో సగం నిజముంది. 2011లో బాటిల్‌ఫీల్డ్ 3 బీటా సెప్టెంబర్ 29న మొదలైంది, గేమ్ అక్టోబర్ 25న వచ్చింది. ఆ బీటాలో పాత్రలు నేలలోకి కూరుకుపోయేవి. చాలామంది చేతికి అందింది ఆపరేషన్ మెట్రో అనే ఒక్క మ్యాప్ మాత్రమే కనుక, ట్యాంకులకూ విమానాలకూ పేరుపడ్డ సిరీస్ ఇంతేనా అని పెదవి విరిచినవారూ ఉన్నారు. అసలు గేమ్ వచ్చాక విశాలమైన మ్యాప్‌లు ఆ అభిప్రాయాన్ని తిరగరాశాయి. మిగతా సగానికి అదే సిరీస్‌లోని బాటిల్‌ఫీల్డ్ 2042 సాక్ష్యం. దాని బీటా 2021 అక్టోబర్‌లో జరిగింది; అది కొన్ని నెలల కిందటి కూర్పు అని నిర్మాతలు చెప్పారు. అయితే పాత సైనిక తరగతులను తీసేసి, ఏ ఆయుధాన్నైనా పట్టగల స్పెషలిస్టులను పెట్టడం మీద బీటాలో వచ్చిన అసంతృప్తి విడుదల తరువాత కూడా చల్లారలేదు. తరగతులు తిరిగి వచ్చేసరికి 2023 ఆరంభమైంది. నేలలోకి కూరుకుపోవడం లోపం, స్పెషలిస్టులు నిర్ణయం. లోపాన్ని వారాల్లో సరిచేయవచ్చు, నిర్ణయాన్ని మార్చాలంటే దాని మీద కట్టిన మ్యాప్‌లనూ, ఆయుధాల తూకాన్నీ కూడా కదపాలి.

మీ నెల రోజుల గడువును కూడా ఆ దృష్టితోనే చూడండి. కన్సోల్ సంస్థల ఆమోదానికీ, డిస్క్‌ల తయారీకీ పోయే వారాలను తీసేస్తే ఆ నెలలో మిగిలేది కొద్దికాలమే. అంత దగ్గరగా పెట్టిన బీటా సర్వర్ల మీద బరువు పరీక్ష, ఆ పైన ప్రచారం. నిజానికి రెండవదే ఎక్కువేమోనని నా అనుమానం. అందువల్ల పరుగు వేగం, ఎన్ని తూటాలకు ప్రాణం పోతోంది, చనిపోయినప్పుడు ఎందుకు చనిపోయారో మీకు అర్థమవుతోందా అన్నవి నచ్చకపోతే మీ తొలి అభిప్రాయాన్ని నమ్మండి. మీరు పట్టుకున్న రెండు మెతుకులూ ఆ గిన్నెలోవి కావు.

ప్రశ్న: ఒక క్లోజ్డ్ బీటాకు నన్ను ఎంపిక చేశారు. ఆడిన వీడియోను నా చానల్‌లో పెట్టవచ్చా?

జవాబు: మీరు అంగీకరించిన ఒప్పందంలో గోప్యత నిబంధన ఉంటే పెట్టకూడదు, వీడియోకే కాదు, స్క్రీన్‌షాట్‌కూ, మాటల్లో వర్ణించడానికీ అది వర్తించవచ్చు. కొన్ని సంస్థలు మీ ఖాతా గుర్తును తెర మూలన ముద్రిస్తాయి, కనుక ఎవరు బయటపెట్టారో కనిపెట్టడం కష్టం కాదు.

ప్రశ్న: బీటాలో నేను దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ జట్టులో మొదటి స్థానంలో నిలిచేదాన్ని. గేమ్ విడుదలై నెల కాకముందే చివరి స్థానానికి జారిపోయాను. బీటా నన్ను మోసం చేసిందా?

జవాబు: మోసం కాదు, బీటాలో అందరూ కొత్తవారే. మీ సామర్థ్యం గురించి జోడీలు కుదిర్చే వ్యవస్థ దగ్గర కూడా సమాచారం ఉండదు కనుక మొదటి రోజుల్లో ఎవరినైనా ఎవరితోనైనా కలుపుతుంది. ఇలాంటి గేమ్‌లలో చేయి తిరిగినవారికి ఆ మూడు నాలుగు రోజులు పండుగే. తరువాత మీ ఫలితాలను బట్టి మీ స్థాయివారినే ఎదురుగా నిలబెడుతుంది, అప్పుడు గెలుపు సగానికి సగం దగ్గర ఆగడం సహజం. అదీగాక, అన్నిటికంటే బలమైన ఆయుధం ఏదో, ఏ కిటికీలో కూర్చుంటే దారంతా కనిపిస్తుందో కనిపెట్టడానికి జనానికి కొన్ని వారాలు పడుతుంది. మీరు బీటాలో వాడిన ఆయుధం పేరు విడుదల తరువాత వచ్చిన మార్పుల పట్టికలో వెతకండి. దాని దెబ్బ తగ్గించారని అక్కడ ఉంటే, మీ జారుడుకు కొంత కారణం అదే కావచ్చు.