డాక్టర్ సలహా: ఇంగ్లండ్‌లో థైరాయిడ్ మాత్రలు మధ్యలో ఆగిపోతే

ప్రశ్న: నా వయసు 36. రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కు వచ్చాం. థైరాయిడ్‌కు రోజూ 75 మైక్రోగ్రాముల మందు వాడుతున్నాను. మాత్రలు అయిపోయాయని సర్జరీకి (ఇక్కడ మా డాక్టర్ క్లినిక్‌ను అలాగే అంటారు) ఫోన్ చేస్తే, మందుల ఆర్డర్లు ఫోన్‌లో తీసుకోబోమన్నారు. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్‌లో ఆర్డర్ పెడితే తిరస్కరించారు. నాలుగు రోజులుగా మాత్ర వేసుకోలేదు. వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు. ఆవిడతో ఆరు నెలల మాత్రలు తెప్పించుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఈ నాలుగు రోజుల సంగతి చూద్దాం. మీరు వాడే థైరాయిడ్ మందు లెవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది కాబట్టి కంగారు పడనవసరం లేదు, కానీ ఇంకా ఆలస్యం చేయవద్దు. ఈరోజే ఎన్‌హెచ్‌ఎస్ సహాయ నంబరు 111కు ఫోన్ చేసి గానీ, దాని వెబ్‌సైట్‌లో గానీ రోజూ వాడే మందు అయిపోయిందని తెలియజేస్తే దగ్గరలోని ఫార్మసీకి పంపిస్తారు. అక్కడి ఫార్మసిస్టు వివరాలు సరిచూసుకుని, తగినదనిపిస్తే కొద్ది రోజులకు సరిపడా ఇస్తారు. పాత మాత్రల పెట్టె వెంట తీసుకువెళ్లండి. మానేసిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి వేసుకోవద్దు. ఒకవేళ మీరు గర్భవతి అయితే మాత్రం ఆ సంగతి సర్జరీకి ఈరోజే చెప్పాలి, ఎందుకంటే గర్భిణులకు సాధారణంగా ఈ మందు మోతాదు పెంచవలసి ఉంటుంది.

ఇక ఆర్డర్ ఎందుకు తిరస్కరించి ఉంటారో చూద్దాం. రిపీట్ ప్రిస్క్రిప్షన్ (రోజూ వాడే మందును ప్రతిసారీ డాక్టర్‌ను కలవకుండా తీసుకునే చీటీ) అంటే ఎప్పటికీ ఇస్తూనే ఉంటారని చాలామంది అనుకుంటారు. నిజానికి డాక్టర్ ఇన్నిసార్లని గానీ, ఫలానా తేదీ వరకని గానీ అనుమతిస్తారు, అది దాటితే సిబ్బంది తమంతట తాము ఇవ్వలేరు. మందుల సంచిలో మడిచి పెట్టే కాగితాన్ని మనం తరచు చూడకుండానే పారేస్తాం. ఈసారి విప్పి చూడండి: మీ మందుల పేర్ల పక్కన టిక్ పెట్టే గళ్లు, వాటితోపాటు సాధారణంగా రివ్యూ తేదీ (మందులను డాక్టర్ మళ్లీ సమీక్షించవలసిన తేదీ) కనిపిస్తాయి. ఆ తేదీ దాటిందంటే, మోతాదు సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి ఏడాదికోసారి చేయించుకోవలసిన టీఎస్‌హెచ్ (థైరాయిడ్) రక్తపరీక్ష మీకు బాకీ పడి ఉండవచ్చు. మోతాదు ఎక్కువైతే గుండెదడ రావచ్చు, ఎముకలు పలచబడవచ్చు. తక్కువైతే నీరసం, బరువు పెరగడం మొదలవుతాయి. అందుకే డాక్టర్లు ఆ పరీక్ష కోసం పట్టుబడతారు.

ఆర్డర్ ఎప్పుడూ వారం, పది రోజుల మందు మిగిలి ఉండగానే పెట్టండి. చాలా సర్జరీలు కనీసం రెండు పనిదినాలు అడుగుతాయి, ఆపైన మీరు ఎంచుకున్న ఫార్మసీ మందు సిద్ధం చేయడానికి మరికొంత సమయం పడుతుంది. ఇల్లు మారినవారు యాప్‌లో ఫార్మసీని కూడా మార్చుకోవాలి, లేకపోతే మందు పాత ఊళ్లోనే ఉండిపోతుంది. మోతాదు కుదురుకున్నాక ఎలక్ట్రానిక్ రిపీట్ డిస్పెన్సింగ్ ఇవ్వగలరేమో అడగండి. అది ఉంటే ఏడాది వరకు ప్రతిసారీ సర్జరీని అడగకుండా నేరుగా ఫార్మసీ నుంచే తీసుకోవచ్చు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లో 2024 మే నుంచి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు వసూలు చేస్తున్నారు. అయితే హైపోథైరాయిడిజానికి (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం) హార్మోన్ మాత్రలు వాడేవారికి ఈ రుసుము మినహాయింపు ఉంది. సర్జరీలో ఎఫ్‌పీ92ఏ ఫారం తీసుకుని నింపి ఇస్తే, వచ్చే సర్టిఫికెట్ సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది, థైరాయిడ్ మందుకే కాక మిగతా ఎన్‌హెచ్‌ఎస్ ప్రిస్క్రిప్షన్లకూ వర్తిస్తుంది. ఆ సర్టిఫికెట్ రాకముందే ఉన్నదని ఫార్మసీలో టిక్ పెడితే 100 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. ఈలోగా డబ్బు కట్టవలసి వస్తే అప్పుడే డబ్బు వాపసుకు కావలసిన ఎఫ్‌పీ57 రసీదు అడిగి తీసుకోండి, తర్వాత ఇవ్వరు.

ఇక అత్తగారితో తెప్పించుకోవడం గురించి. అది వద్దనే నా సలహా. మన దగ్గర 75 ఒకే మాత్రగా దొరుకుతుంది, ఇక్కడ తరచు 50, 25 అని రెండుగా ఇస్తారు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే 75 మీద మరో 25 వేసుకునే పొరపాటు జరుగుతుంది, అలా జరిగినవారిని నేను చూశాను. కంపెనీ మారితే కొందరికి ఒంట్లో తేడా కూడా తెలుస్తుంది. పైగా ఆరు నెలలు మీరు ఆర్డర్ పెట్టకపోతే మందు మానేశారని రికార్డు చూసినవారు అనుకుంటారు. మీరే ఇండియా వెళ్లేటప్పుడు మాత్రం ప్రయాణానికి మూడు వారాల ముందు చెబితే, డాక్టర్ సమ్మతిస్తే మూడు నెలల వరకు ఇచ్చే వీలుంది.

రేపు సర్జరీకి ఫోన్ చేసినప్పుడు మందు సంగతితో మొదలుపెట్టకుండా, “థైరాయిడ్ రక్తపరీక్షకు ఎప్పుడు రమ్మంటారు, ఫలితం వచ్చేవరకు మందు ఇస్తారా?” అని అడగండి.