జబ్బు వచ్చాక వేసేది టీకా అవుతుందా?

సందేహం: మా అత్తకు అండాశయ క్యాన్సర్. 'అండాశయ క్యాన్సర్‌కు చికిత్సా టీకా' అని పేపర్లో చదివి ఇంట్లో అందరం ఆశపడ్డాం. టీకా అంటే జబ్బు రాకముందు వేసేది కదా? వచ్చాక వేసేదాన్ని అలా అనొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అనొచ్చమ్మా. మా చిన్నప్పుడు కందుకూరు వైపు పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడిపించుకోవాల్సిందే. అదీ టీకానే, కరిచాక వేసేదే. 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ పిచ్చికుక్క కాటు టీకాను ఒక పిల్లవాడికి వేయించిందీ కుక్క కరిచాకే. కాకపోతే అక్కడ జబ్బు బయటపడకముందే వేస్తారు, క్యాన్సర్‌లో ఒంట్లో ఉన్న జబ్బు మీదికే వేస్తారు. కణితి కణాల గుర్తులు మన రోగనిరోధక కణాలకు చూపించి, కణితి మీదికి ఉసిగొల్పడం దీని పని. కొన్ని పద్ధతుల్లో రోగి రక్తంలోంచే కణాలు తీసి, బయట తర్ఫీదిచ్చి మళ్లీ ఎక్కిస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇలాంటిదానికి 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. అండాశయం విషయంలో మాత్రం ఇంకా ప్రయోగాలే నడుస్తున్నాయి. కాబట్టి మందు దుకాణంలో అడిగి టెన్షన్ పడకండి, అత్తగారి డాక్టరునే అడగండి.

నన్నడిగితే అసలు చిక్కు 'టీకా'లో లేదు, 'కు'లో ఉంది. 'దగ్గుకు మందు' అంటే దగ్గు తగ్గించేది. 'పోలియోకు టీకా' అంటే పోలియో రానివ్వనిది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆడపిల్లలకు వేసే టీకా కూడా రాకుండా ఆపేదే. ఇన్నేళ్లుగా టీకా పక్కన 'కు' కనిపిస్తే 'రాకుండా' అనే చదువుకున్నాం. ఇప్పుడు 'తగ్గించే' అని చదవమంటే తికమక పడమా? 'అండాశయ క్యాన్సర్ చికిత్సలో వాడేందుకు ప్రయోగిస్తున్న టీకా' అని రాస్తే పోయేది. శీర్షికలో పట్టదంటారు, నిజమే. కనీసం మొదటి వాక్యంలోనైనా చెప్పాలి.

ఇక 'చికిత్సా టీకా'లో దీర్ఘం సంగతి. సంస్కృత పదం ముందు 'చికిత్సా విధానం' అన్నట్టు దీర్ఘం నిలుస్తుంది. కావ్యాలకు రాసే వ్యాఖ్యానం అనే అర్థంలో 'టీకా' సంస్కృత పదం, తెలుగులో 'టీక' అయింది, బహువచనం టీకలు. సూది మందు టీకా హిందీ నుంచి వచ్చింది, అక్కడ బొట్టునూ టీకా అనే అంటారు. అందుకే దీర్ఘం పోలేదు, టీకాలు అంటాం. ఆ లెక్కన 'చికిత్స టీకా' చాలు. దీర్ఘంతో రాసినవాళ్లను నేనైతే తప్పుపట్టను.