ముందు వెనుకవైపు చూడమ్మా

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ మామగారి ట్రంకు పెట్టెలో దొరికిన ఏడు మాస్కుల ఫొటోలు అందాయి. అవి ఏ దేశానివి, నిజంగా పాతవేనా, లేక గోడకు తగిలించుకోవడానికి చేసి అమ్మినవా అని అడిగావు. ఓడల్లో ఇంజనీరుగా తిరిగిన రోజుల్లో రేవుకొకటి చొప్పున కొని, రెండు మూడు సార్లు మోసపోయి, రిటైరైన తర్వాత వాటినే ముందు పెట్టుకుని నేర్చుకున్నవాణ్ణి కనుక తెలిసినంత రాస్తున్నాను. నువ్వు పంపిన ఫొటోలన్నీ ముందువైపువే. అమ్మేవాడు మెరుగులు దిద్దేది కూడా ఆ వైపునే. మాస్కు తన సంగతి చెప్పేది వెనుకవైపున. అందుకని ఒక్కొక్కదాన్నీ మెత్తని నూలుగుడ్డ మీద బోర్లించి, కిటికీ పక్కన వెలుతురు ఏటవాలుగా పడేటట్టు పెట్టి, తొందరపడకుండా చూడు.

ఆటలోనో పూజలోనో వాడిన మాస్కును ఒక మనిషి గంటల తరబడి ముఖానికి కట్టుకుని ఉంటాడు. నుదురు, ముక్కుదూలం, చెంప ఎముకలు, గడ్డం ఆనే చోట్ల అతని చెమట ఇంకి చెక్క నల్లబడి నున్నగా తయారవుతుంది. ముఖానికి తగలని గుంటల్లో మాత్రం ఉలి గీతలు పదునుగా, చెక్క కొంచెం లేతరంగుగా మిగిలి ఉంటాయి. అలా కాకుండా వెనుక భాగమంతా ఒకే తీరుగా గోధుమరంగులో ఉంటే, టీ డికాక్షనో బూటు పాలిషో పూశారని అనుమానించు. తాడు కట్టే రంధ్రాలను భూతద్దంతో చూడు. ఏళ్ల తరబడి తాడు లాగిన వైపున అంచు అరిగి చిన్న గాడి పడుతుంది, రెండో వైపు అలాగే ఉంటుంది. తాడు కొత్తదైనంత మాత్రాన మాస్కు కొత్తదని అనుకోకు, ఆడేవాళ్లు తాళ్లు మారుస్తారు, రంగులు కూడా మళ్లీ మళ్లీ వేసుకుంటారు. అంచున పెచ్చు లేచిన చోట ఒక రంగు కింద మరో రంగు, దాని కింద ఇంకొకటి కనిపిస్తే అది మంచి గుర్తే. ఇక కళ్లకు రంధ్రాలు లేనంత మాత్రాన నకిలీ అని తోసెయ్యకు, ఎందుకంటే గుమ్మానికి కట్టేవి, ఊరేగింపులో మోసేవి కూడా ఉంటాయి.

నేను ఎలా మోసపోయానో చెబితే నీకు పనికొస్తుంది. నేపాల్ కొండల్లో భూతవైద్యం చేసే ఝాంక్రీ వాడిన వందేళ్ల నాటి మాస్కు అని ఒక దుకాణదారు చెప్పగా నమ్మి, నెల జీతంలో సగం పోసి కొన్నాను. పొగచూరి నల్లగా, పురుగు తిన్న రంధ్రాలతో, తుప్పుపట్టిన మేకులతో అది నిజంగా పాతదానిలాగే ఉండేది. ఇంటికి తెచ్చిన వారానికి, దూదిని నీళ్లలో తడిపి గట్టిగా పిండి, చెవి వెనుక మెల్లగా రుద్దాను. మూడోసారికే దూది కాటుకలా నల్లబడింది, దాని కింద నిన్న చెక్కినంత తెల్లని కర్ర బయటపడింది. పొయ్యి పైన ఏళ్ల తరబడి వేలాడిన వస్తువుకు పట్టే మసి జిడ్డుతో కలిసి గట్టిపడి, లక్కపూతలా మెరుస్తుంది, వట్టి నీళ్లకు అంత సులువుగా రాదు. తర్వాత సన్నని తీగ తీసుకుని రంధ్రాల్లో పెట్టి చూస్తే, అన్నీ ఒకే లోతుకు తిన్నగా దిగాయి. పుచ్చుపురుగు కర్రలో వంకర టింకరగా తొలుచుకుంటూ పోతుందే గాని ఎప్పుడూ అలా కొలిచినట్టు తవ్వదు. మేకుల తుప్పు సంగతి మన ఊరివాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ గ్రిల్లు కొద్ది ఏళ్లకే పెచ్చులు లేస్తుంది కదా, ఉప్పునీళ్లు చల్లి తెప్పించిన తుప్పును వయసుకు సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం? ఆ దూది పరీక్ష నువ్వు కూడా చేయవచ్చు, కాని కనబడని మూలలో, చెక్క మీద మాత్రమే చెయ్యి. కాగితపు మాస్కు మీద గాని, రంగు మీద గాని నీటిచుక్క పడనివ్వకు.

ఏ దేశానిదో తేల్చడానికి కర్ర, కట్టే పద్ధతి రెండూ దారి చూపిస్తాయి. తల మీద మోయాలి కనుక కొండపల్లి బొమ్మల తెల్లపొణికి లాంటి తేలిక కర్రనే చాలాచోట్ల ఎంచుకుంటారు. బాలి ద్వీపంలో తోపెంగ్ అనే నృత్యనాటకపు మాస్కులకు వాడే పులె చెట్టు మరేదో కాదు, మన నగరంలో రోడ్ల వెంట నాటిన, చలికాలం ముందు ఘాటు వాసనతో పూసే ఏడాకులపాలే. శ్రీలంకలో అంబలంగొడ ప్రాంతంవారు కదురు అనే తేలిక కర్రతో నాగ రాక్షస, గరుడ రాక్షస ముఖాలనూ, రోగాలు పోగొట్టే సన్ని యకుమ తంతుకు పద్దెనిమిది సన్ని (రోగభూతాల) ముఖాలనూ చెక్కుతారు. జపాన్‌లో నోహ్ అనే సంప్రదాయ నాటకపు మాస్కు హినోకి అనే చెట్టు కర్రది. గుల్లల పొడిని జంతు జిగురుతో కలిపి పొరలు పొరలుగా పూసిన తెలుపు దాని మీద ఉంటుంది, పరిమాణం మనిషి ముఖం కన్నా చిన్నది. అది ఇంట్లో పళ్లెం అంత పెద్దగా ఉంటే నోహ్ అని ఎవరు చెప్పినా నమ్మకు.

నీ మూడో ఫొటోలోని సన్నని కళ్లు, కోసుగా దిగిన ముక్కు ఉన్న తెల్లటి ముఖం నన్ను ఆపేసింది. అది జావా ద్వీపానిది కావచ్చు. అక్కడి సంప్రదాయంలో మాస్కును తాడుతో కట్టరు. నోటి దగ్గర లోపలివైపు బిగించిన తోలుపట్టీనో చెక్కముక్కనో పళ్లతో కరిచి పట్టుకుని ఆడతారు, అందుకే ఆడేవాడు మాట్లాడడు, అతని మాటలు కథకుడు పలుకుతాడు. నా దగ్గరున్న ఒకదానిలో ఆ తోలు గట్టిపడి నల్లగా, మధ్యలో రెండు పళ్ల గుంటలతో ఉంది. పేరు కూడా తెలియని ఆ నర్తకుణ్ణి తలుచుకోకుండా దాన్ని ఇప్పటికీ చేతిలోకి తీసుకోలేను. నీ దాన్ని తిప్పి, ఆ పట్టీగాని, అది ఊడిపోయిన మేకు గుర్తులుగాని ఉన్నాయేమో చూడు.

కాగితపు మాస్కులు వేరే దారి. ఛౌ అనే నృత్యానికి మూడు తీరులున్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా ఛౌ మాస్కును అక్కడి చరిద గ్రామంలో మట్టి అచ్చు మీద కాగితం, గుడ్డ, మట్టి పొరలు పొరలుగా అంటించి, ఆరాక అచ్చు తీసేసి చేస్తారు. జరీ, పూసలు, ఈకలతో దాని కిరీటం పెద్దగా ఉంటుంది. జార్ఖండ్‌లోని సరైకెళా ఛౌ ముఖం నునుపుగా, లేతరంగులతో ఉంటుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఛౌలో అసలు మాస్కే లేదు, కాబట్టి ఆ పేరుతో అమ్మితే అక్కడే అబద్ధం తెలిసిపోతుంది. థాయ్‌లాండ్‌లో ఖోన్ అనే నృత్యనాటకపు తొడుగు ముఖానికే పరిమితం కాక తలంతా కప్పుతుంది, బంగారు రేకు, అద్దం ముక్కలు అంటించి ఉంటాయి. లోపలి పొరల్లో వార్తాపత్రిక ముక్కలు బయటపడితే అక్షరాలు ఏ భాషవో, తేదీ ఏమైనా దొరుకుతుందేమో చదువు. దాన్ని మించిన సాక్ష్యం నీకు దొరకదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పాతది కావడం వేరు, అసలుది కావడం వేరు. చరిదలో నిరుడు ఛౌ ఆట కోసం చేసిన ముఖం అసలుదే, వందేళ్ల నాటిదని అబద్ధంతో మసి పూసిన ముఖం నకిలీ. వయసు తేల్చే కర్బన పరీక్ష చేయిద్దామని అల్లుడుగారు అన్నారని రాశావు, ఆ డబ్బు దండగ. సుమారు 1650కీ 1950కీ మధ్యనాటి వస్తువులకు అది స్పష్టమైన జవాబు ఇవ్వదు, ఇచ్చినా చెట్టు వయసే గాని చెక్కిన కాలం కాదు. రంగు పరీక్ష కొంత నయం, తెలుపులో టైటానియం ఉంటే ఆ పూత 1920లకు ముందుది కాదని తేలుతుంది, అయితే అది కూడా పూత సంగతే.

విదేశానికి పంపించే ఆలోచన ఉంటే ఆగు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అదే ఏడాది వచ్చిన వన్యప్రాణి చట్టం కూడా ఉంది కనుక, ఐదో ఫొటోలోని ముఖానికి ఉన్న కోరలు నిజమైన దంతమా, చెక్కా అన్నది ముందు తేల్చుకోవాలి.

అంతవరకు వాటికి కొబ్బరినూనె రాయవద్దు, వార్నిష్ వేయవద్దు, ఎండలో పెట్టవద్దు. దేని నుంచైనా తెల్లని పొడి రాలుతుంటే మాత్రం పురుగు బతికి ఉండవచ్చనే గుర్తు కనుక, దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఉంచు. మూడోదాని వెనుకవైపు ఫొటో రేపే పంపు, మిగతావి వచ్చేవారం నువ్వు ఇక్కడికి వచ్చేటప్పుడు విడివిడిగా నూలుగుడ్డలో చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా తీసుకురా.

నీ పెదనాన్న