స్ఫటిక నిర్మాణం అంటే దేని నిర్మాణం?

సందేహం: మాది పర్లాకిమిడి. బడిలో సైన్సు చెబుతాను. ఒక తెలుగు వ్యాసంలో 'వ్యాధికారక బాక్టీరియా ఎంజైమ్ స్ఫటిక నిర్మాణం' అని చదివాను. శాస్త్రవేత్తలు స్ఫటికాన్ని తయారుచేశారనా, ఎంజైమ్ ఎలా ఉంటుందో తెలుసుకున్నారనా? ఇక్కడి ఒడియా పుస్తకాల్లో 'గఠన' అంటారు. తెలుగులోనూ అలా రాయవచ్చా?

సమాధానం: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు సంతోషం. ఆ వ్యాసం రాసినవారు విభక్తులన్నీ తీసేసి నామవాచకాలను వరసగా పేర్చారు. ఎవరికైనా తికమకే.

'వంతెన నిర్మాణం మొదలైంది' అన్నప్పుడు నిర్మాణం అంటే కట్టే పని. 'ఆకు నిర్మాణం' అన్నప్పుడు అమరిక. ఇక్కడ అమరికే. అయితే అది ఎంజైముది. పెసరట్టు పెసలతో చేసిన అట్టు అయినట్టే, ఇక్కడ 'స్ఫటిక నిర్మాణం' స్ఫటికం ద్వారా తెలిసిన నిర్మాణం. మధ్యమపదలోపి సమాసమన్నమాట.

క్షయనే తీసుకోండి. ఆ క్రిమి గోడకు కావలసిన మైకోలిక్ ఆమ్లాల తయారీలో ఇన్‌హెచ్‌ఏ అనే ఎంజైమ్ పనిచేస్తుంది. దాని నిర్మాణం 1995లో వెల్లడైంది. ఇలాంటి పనిలో ముందు ఎంజైమును శుద్ధిచేసి, ద్రావణం నుంచి మెల్లగా స్ఫటికాలు పెంచుతారు. స్ఫటికంలో అణువులన్నీ ఒకే క్రమంలో నిలబడతాయి. దాని మీదికి ఎక్స్-కిరణాలు పంపితే అవి చెదిరి మచ్చలుగా పడతాయి. ఆ మచ్చల స్థానాన్నీ తీవ్రతనూ బట్టి లెక్కకట్టి, ఏ పరమాణువు ఎక్కడుందో రాబడతారు. క్షయ రోగులకిచ్చే ఐసోనియాజిడ్ దెబ్బకొట్టేది ఈ ఎంజైమునే. క్రిమిలోని క్యాట్‌జీ అనే మరో ఎంజైమ్ ఆ మందును చురుకుగా మారుస్తుంది. అప్పుడది ఎన్‌ఏడీ అనే అణువుతో కలిసి ఇన్‌హెచ్‌ఏ లోపలి గుంటలో కూర్చుంటుంది. 1998లో ఈ సంగతి కూడా స్ఫటికాల వల్లే కంటికి కట్టింది. ఇంత పని జరిగినప్పుడు వాక్యం కూడా దాన్ని చెప్పగలగాలి కదా! 'క్షయ క్రిమిలోని ఎంజైమ్ నిర్మాణాన్ని స్ఫటికాల సాయంతో తెలుసుకున్నారు' అని రాస్తే ఏ టెన్షనూ లేదు.

'వ్యాధికారక ఎంజైమ్' అని మాత్రం కుదించకండి. జబ్బు తెచ్చేది బాక్టీరియా.

'గఠన' ఒడియాలో చక్కని మాట. తెలుగులో రాస్తే 'ఘటన'కు అచ్చుతప్పు అనుకుంటారు. క్లాసులో మాత్రం బోర్డు మీద 'నిర్మాణం' పక్కనే 'గఠన' కూడా రాయండి. రెండు భాషలూ చదివే పిల్లలకు అది మేలు. క్షయను ఒడియాలో 'యక్ష్మా' అంటారని కూడా చెప్పండి. మన ఆయుర్వేదంలోని 'రాజయక్ష్మ' అదే.