బరువులు ఎత్తవచ్చా? ప్రొటీన్ పొడి కొనాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు, బరువు 62 కిలోలు. ఇద్దరు పిల్లలు, రెండూ సాధారణ కాన్పులే. థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. ఈమధ్యే ఇంటి దగ్గర జిమ్‌లో చేరాను. అక్కడి ట్రైనర్ బరువులు ఎత్తమంటున్నారు. ప్రొటీన్ పౌడర్ తాగకపోతే ఫలితం ఉండదంటూ తమ దగ్గరే డబ్బా కొనమంటున్నారు. ఆడవాళ్ళు బరువులెత్తితే గర్భసంచి జారుతుందని, ఆ పొడితో కిడ్నీలు పాడవుతాయని మా అత్తగారు వద్దంటున్నారు. కండలు తేలి మగవాళ్ళలా కనిపిస్తానేమోనని నాకూ భయంగానే ఉంది. గుడ్లు తింటాను, మాంసం, చేపలు తినను. ఉదయం మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు, రాత్రి రెండు చపాతీలు, రెండు పూటలా టీ, ఇదీ నా తిండి. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: బరువులు తప్పకుండా ఎత్తండి. డబ్బా మాత్రం ఇప్పుడే కొనకండి.

ముప్పై దాటాక, వ్యాయామం లేని శరీరంలో పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గిపోతూ వస్తుంది. నెలసరి ఆగిపోయే దశలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గడంతో ఎముకల సాంద్రత కూడా వేగంగా పడిపోతుంది. ఈ రెండు నష్టాలనూ నెమ్మదింపజేసేది బరువులతో చేసే వ్యాయామమే కనుక, మీ వయసులో అది నడక కంటే తక్కువ అవసరమేమీ కాదు. ఇక కండలు తేలతాయన్న భయం వదిలేయండి. కండలు పెంచే టెస్టోస్టెరోన్ హార్మోన్ పురుషులతో పోలిస్తే స్త్రీలలో ఎన్నో రెట్లు తక్కువ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరికి ఆ బలం చిన్ననాటి నుంచి ఏళ్ళ తరబడి చేసిన కఠోర సాధనతో వచ్చింది. వారానికి రెండు మూడు రోజులు డంబెల్స్ పట్టుకునే గృహిణికి ఒళ్ళు గట్టిపడుతుందే తప్ప రూపం మారిపోదు.

గర్భసంచి గురించి మీ అత్తగారి భయాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేను. కాన్పుల వల్ల గర్భసంచికి ఆసరాగా ఉండే కటి కండరాలు వదులైన వారు ఊపిరి బిగపట్టి, పొట్టమీద ఒత్తిడి పెట్టి ఒక్కసారిగా పెద్ద బరువు ఎత్తితే, అప్పటికే ఉన్న జారుడు ఎక్కువ కావచ్చు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం పడుతున్నా, కింద ఏదో బరువుగా దిగినట్టు అనిపిస్తున్నా మొదట స్త్రీవైద్య నిపుణురాలికి చూపించుకోండి. అలాంటి ఇబ్బంది లేకపోతే తక్కువ బరువుతో మొదలుపెట్టి, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ, దించేటప్పుడు పీలుస్తూ చేయడం మీకు నిషిద్ధం కాదు. నిండు బిందెను నడుము వంచి లాగి చంకన పెట్టుకోవడం కంటే, మోకాళ్ళు వంచి వీపు నిటారుగా ఉంచి డంబెల్ ఎత్తడమే నడుముకు క్షేమం. స్క్వాట్ (కుర్చీలో కూర్చోబోతున్నట్టు మోకాళ్ళు వంచి లేవడం), వంగి బరువును పొట్ట వైపు లాగడం, గోడకు చేతులానించి చేసే పుషప్, తలపైకి ఎత్తడం, ఈ నాలుగూ చక్కగా వస్తే ఆరంభానికి చాలు. పన్నెండుసార్లు సునాయాసంగా చేయగలిగిన రోజున కొద్దిగా బరువు పెంచండి, ఒకే కండరానికి వరుసగా రెండు రోజులు పని చెప్పకండి.

ఇప్పుడు పళ్ళెం సంగతి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీకైతే అది సుమారు 51 గ్రాములు. బరువులెత్తేవారికి కిలోకు 1.2 గ్రాములు అనుకుంటే 74 అవుతుంది. మీరు రాసిన తిండిలో ఇడ్లీలు, చట్నీ కలిపి 8, అన్నం 12, చిన్న గిన్నెడు పప్పు 5, పెరుగు 3, చపాతీలు 6, టీలోని పాలు 5 వేసుకున్నా 40 దాటడం లేదు. లోటు ఉన్న మాట నిజమే. అయితే రెండు గుడ్లకు 12, పప్పులో అదనంగా వేసే గుప్పెడు కందిపప్పుకు 6, సాయంత్రం బిస్కెట్ల బదులు గుప్పెడు వేరుశనగ పప్పులకు 6, వారంలో కొన్నాళ్ళు కూరలో వేసే 25 గ్రాముల మీల్‌మేకర్‌కు దాదాపు 13 గ్రాములు వస్తాయి. నాలుగూ చేరిన రోజున లోటే ఉండదు, ఖర్చు కూడా డబ్బాలో నాలుగో వంతుకు మించదని నా అంచనా.

ఆ డబ్బాల్లో సాధారణంగా ఉండే వే ప్రొటీన్ విషమేమీ కాదు. పాలు విరిచినప్పుడు మిగిలే తేట నీటిని వడకట్టి ఎండబెట్టిన పొడి అది, 30 గ్రాముల చెంచాకు సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను ఈ మోతాదు పాడు చేస్తుందన్నది అపోహ. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్ చెప్పకుండా తాగకూడదు. నా అభ్యంతరం అమ్మే తీరు మీద. ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి ప్రొటీన్‌ను లెక్కగడతారు కాబట్టి, నత్రజని ఉండే గ్లైసిన్ వంటి చౌక అమైనో ఆమ్లాలు కలిపి లేబుల్ మీది అంకె పెంచే మోసం ఉంది. కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని 2024లో ఆ పోషకాహార సంస్థే తన మార్గదర్శకాలలో చెప్పింది. వేళకు తినడం కుదరని రోజుల కోసం మీరు ఎప్పుడైనా కొనదలిస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, సీలు, గడువు తేదీ చూసుకుని బయట కొనండి. జిమ్‌లో విడిగా పొట్లం కట్టి ఇచ్చేది తీసుకోకండి. థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసుకుని, క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటించండి. పాలతో చేసిన ఈ పొడికీ అదే ఎడం మంచిది.

ఇంకొక మాట. నాలుగు స్క్వాట్లకే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ నీరసాన్ని ఏ ప్రొటీన్ పొడీ తీర్చలేదు.

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటాను. విజయవాడలో ఉన్న మా అమ్మకు 67 ఏళ్ళు, షుగర్ ఉంది, మెట్లెక్కడానికి ఇబ్బంది పడుతోంది. ఇక్కడి నుంచి ప్రొటీన్ డబ్బా పంపవచ్చా?

జవాబు: పంపే ముందు ఆవిడకు కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. షుగర్ ఉన్నవారిలో కిడ్నీలు ఏ లక్షణమూ లేకుండానే దెబ్బతింటాయి, అప్పుడు ఎంత ప్రొటీన్ ఇవ్వాలన్నది డాక్టరే నిర్ణయించాలి. రిపోర్టులు బాగుంటే మూడు పూటలా పప్పో గుడ్డో పెరుగో ఉండేలా చూడండి, తినలేనప్పుడే పొడి. మెట్లెక్కే శక్తి వ్యాయామం లేనిదే రాదు. చేతులున్న కుర్చీని గోడకు ఆనించి, అందులోంచి లేచి నిలబడి మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం ఐదారు సార్లతో మొదలుపెట్టించండి. మొదటి కొద్దిరోజులు పక్కన ఎవరైనా ఉండాలి. మోకాళ్ళ నొప్పి పెరిగితే ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి.