ఎండిన మట్టలను ఏం చేయాలి? – సమాధానం

సహోదరి గారికి వందనాలు. నిరుటి మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారం) నాడు గుడిలో ఆశీర్వదించి ఇచ్చిన మట్ట సిలువ పటం వెనుక ఎండి రాలిపోతున్నదని, చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పడం లేదని రాశారు. మీ సంకోచం సరైనదే. ఆశీర్వదించిన వస్తువులను గౌరవంగా చూడాలని 1983 నాటి కతోలిక తిరుసభ (చర్చి) చట్టం 1171వ నిబంధన కూడా చెబుతున్నది.

విభూది బుధవారంతో మొదలయ్యే తపస్సుకాలం (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలు) ఇంకా రాలేదు కనుక, ఆ మట్టను మీ విచారణ (పారిష్) గుడిలో అప్పగించడమే అన్నిటికంటే మంచి దారి; ఆ బుధవారం నాడు మన నుదుట పెట్టే బూడిదను ఆచారం ప్రకారం కిందటి ఏడాది మట్టలను కాల్చే తయారు చేస్తారు. అది వీలుపడకపోతే ఇంటి వద్దనే కాల్చవచ్చు. ఈనె తీసేసి, ఆకును చిన్న ముక్కలుగా తుంచి మట్టిమూకుడులో వేస్తే పూర్తిగా కాలుతుంది (ఎండుటాకు భగ్గున అంటుకుంటుంది, ఆరుబయటే చేయండి). చల్లారిన బూడిదను ఎవరూ తొక్కని చోట, పూలమొక్క మొదట్లోనైనా సరే, మట్టిలో కలిపేయండి. కాల్చకుండా పాతిపెట్టినా తప్పు లేదు. తిరిగి గుచ్చలేనంతగా పాడైన జపమాలకూ ఇదే పద్ధతి. ఆ సమయంలో నేనైతే ఒక పరలోక జపం (‘పరలోకమందున్న మా తండ్రీ’ ప్రార్థన) చెప్పుకుంటాను.